లారీ ఇంజిన్ 250 హార్స్‌పవర్: అందులో చక్రాలకు చేరేదెంత?

దిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్‌కు సిద్ధమవుతున్న తెలుగు అభ్యర్థులలో మెకానికల్ ఇంజినీరింగ్‌ను ఐచ్ఛికాంశంగా ఎంచుకున్నవారికి ‘బ్రేక్ పవర్’ పరిచితమైన పదమే. సిలిండరులో పుట్టే శక్తి వేరు, ఇంజిన్ వెలుపలికి వచ్చే శక్తి వేరని ఆ పాఠం చెబుతుంది.

లారీ కొనేవారికి అసలు ప్రశ్న ఆ పాఠం ముగిసిన చోట మొదలవుతుంది. ఇంజిన్ నుంచి బయలుదేరిన శక్తిలో చక్రాలకు చేరేది ఎంత? ఘాట్ రోడ్డుపై వేగమూ, డీజిల్ ఖర్చూ ఆ లెక్కపైనే ఆధారపడి ఉంటాయి.

లారీ పేరులోని అంకెలు ఏం చెబుతాయి?

మన రహదారులపై తిరిగే ట్రెయిలర్ లారీలపై 5525, 5530 వంటి అంకెలు కనిపిస్తాయి. టాటా, అశోక్ లేలాండ్ సంస్థల పద్ధతి ప్రకారం మొదటి రెండు అంకెలు సరకుతో కలిపి వాహనం మొత్తం బరువును టన్నులలో తెలుపుతాయి. చివరి రెండు అంకెలను పదితో హెచ్చిస్తే ఇంజిన్ హార్స్‌పవర్ వస్తుంది. అంటే 5525 అనేది 55 టన్నుల బరువును 250 హెచ్‌పీ ఇంజిన్ లాగే వాహనం.

75 కిలోల బరువును ఒక సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపగల శక్తిని ఒక మెట్రిక్ హార్స్‌పవర్ అంటారు. ఇది సుమారు 735 వాట్లకు సమానం.

ఈ అంకెను ఎక్కడ కొలుస్తారు?

ఇంజిన్‌ను పరీక్షశాలలో డైనమోమీటరుకు బిగించి, దాని ఫ్లైవీల్ వద్ద శక్తిని కొలుస్తారు. తిరిగే ఇరుసుపై బ్రేకులాంటి పట్టును బిగించి శక్తిని కొలిచే సాధనాన్ని ఫ్రెంచి ఇంజినీరు గాస్పార్ ద ప్రోనీ 1821లో రూపొందించారు. ‘బ్రేక్ హార్స్‌పవర్’ అనే మాటకు మూలం అదే. మన దేశంలో పుణెలోని ఏఆర్‌ఏఐ, దిల్లీ సమీపాన మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థలు వాహనాలను పరీక్షించి ధ్రువీకరిస్తాయి.

ఏయే భాగాలు బిగించి కొలిచారన్నదీ ముఖ్యమే. అమెరికాలో 1972 ముందు వరకు కార్ల కంపెనీలు అనుబంధ భాగాలేవీ లేని ఇంజిన్ శక్తిని ప్రకటించేవి. ఆ ఏడాది నికర శక్తిని ప్రకటించే పద్ధతికి మారగానే, ఇంజిన్లలో మార్పు లేకున్నా అంకెలు గణనీయంగా తగ్గాయి.

నేటి అంతర్జాతీయ ప్రమాణాలు నికర శక్తినే కోరుతున్నప్పటికీ, ఎయిర్ బ్రేకుల కంప్రెసర్, పవర్ స్టీరింగ్ పంపు, ఏసీ కంప్రెసర్ వంటివి వాటి లెక్కలోకి రావు. క్లచ్ ద్వారా పనిచేసే రేడియేటర్ ఫ్యానును విడిపించి ఉంచినప్పటి శక్తినే గరిష్ఠంగా పరిగణిస్తారు. ఫలితాన్ని 25 డిగ్రీల ఉష్ణోగ్రతకు సరిచేస్తారు. వేసవిలో 45 డిగ్రీలు దాటే రెంటచింతల మీదుగా వెళ్లే లారీకి ఆ చల్లదనం దొరకదు.

దారిలో ఎంత తరుగుతుంది?

250 హెచ్‌పీలో ఫ్యాను, కంప్రెసర్లు, స్టీరింగ్ పంపు కలిసి 20 హెచ్‌పీకి పైగా తీసుకున్నాయనుకుందాం. మిగిలినది గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్, డిఫరెన్షియల్ దాటాలి. పళ్లచక్రాల రాపిడి వల్ల, ఆయిల్‌ను చిలకడం వల్ల భారీ వాహనాలలో సాధారణంగా 10 నుంచి 15 శాతం శక్తి వేడిగా మారిపోతుంది. చివరకు చక్రాలకు చేరేది 200 హెచ్‌పీ.

నంద్యాల – గిద్దలూరు మధ్య నల్లమల ఘాట్ వంటి దారిలో, ప్రతి 100 మీటర్లకు 5 మీటర్లు ఎక్కాల్సిన చోటును ఊహించుకుందాం. 55 టన్నుల లారీ గంటకు 17 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే బరువును పైకి లేపడానికే 175 హెచ్‌పీ కావాలి. టైర్ల నిరోధాన్ని అధిగమించడానికి మరో 25 హెచ్‌పీ అవసరం. ఉన్న 200 అక్కడితో సరి. 250 మొత్తం చక్రాలకు చేరితే వేగం 21 కిలోమీటర్లు దాటేది.

ఘాట్‌లో మరో చిక్కు ఉంది. వేగం తక్కువ కనుక రేడియేటరుకు ఎదురుగాలి అందదు. ఇంజిన్ వేడెక్కి, ఫ్యాను పూర్తి వేగంతో తిరగాల్సి వస్తుంది. శక్తి అత్యవసరమైన చోటనే ఫ్యాను వాటా పెరుగుతుంది.

టార్క్ ఎందుకు ముఖ్యం?

ప్రకటించిన గరిష్ఠ శక్తి ఒక నిర్దిష్ట ఆర్‌పీఎం వద్దే లభిస్తుంది. డీజిల్ ఆదా కోసం డ్రైవర్లు ఇంజిన్‌ను అంతకంటే చాలా తక్కువ వేగంలో నడుపుతారు. 900 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చే ఇంజిన్, 1,400 ఆర్‌పీఎం వద్ద అందించేది సుమారు 180 హెచ్‌పీ మాత్రమే. గేరు తగ్గిస్తే చక్రాల వద్ద టార్క్ పెరుగుతుంది గాని, గేరు శక్తిని సృష్టించలేదు.

ఇప్పుడు ఈ లెక్క ఎందుకు?

కేంద్రం 2018 జులైలో ఇరుసు బరువు పరిమితులను పెంచింది. 49 టన్నుల ట్రెయిలర్లకు 55 టన్నుల వరకు అనుమతి లభించింది. అదే 200 హెచ్‌పీతో 49 టన్నుల లారీ పై ఘాట్‌ను 19 కిలోమీటర్ల వేగంతో ఎక్కగలిగేది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది. డ్రైవరు ఆరోగ్యానికి అది అవసరమే. అయితే దానికి కావలసిన శక్తినీ ఆ ఇంజినే సమకూర్చాలి.

ఐరోపాలో 40 టన్నుల లారీలకు 400 నుంచి 500 హెచ్‌పీ ఇంజిన్లు సాధారణం. అంటే టన్నుకు 10 హెచ్‌పీకి తక్కువ కాదు. 5525లో అది నాలుగున్నర మాత్రమే.

కనుక కొనుగోలుదారు హార్స్‌పవర్ ఒక్కటే చూస్తే చాలదు. టన్నుకు ఎన్ని హెచ్‌పీ, గరిష్ఠ టార్క్ ఏ ఆర్‌పీఎం నుంచి ఏ ఆర్‌పీఎం వరకు అందుతుంది, వెనుక ఇరుసు నిష్పత్తి తాను తిరిగే దారికి తగునా అని అడగాలి. వీలైతే పూర్తి బరువుతో, తన దారిలోని ఘాట్‌పైనే నడిపి చూడాలి.