ఎనిమిది మందిలో ఇద్దరు

పోయిన నెల మా పిన్ని ఊరి నుంచి వచ్చి, కాఫీ కూడా తాగకముందే అడిగింది. "ఏం పాపా, నువ్వు కాలేజీకి పోతావు కదా, నువ్వే చెప్పు. మా ఊరి బడికి వందకి ఇరవై ఐదేనంట. చిన్నదాన్ని తీసి ప్రైవేటులో వేసేదా?"

చిన్నది అంటే పిన్ని కూతురు. హోసూరు పక్క పల్లెలో సర్కారు బడిలో, తమిళ మీడియంలో మూడో తరగతి. ప్రైవేటు బడి అంటే ఫీజు, వ్యాను, యూనిఫాం. పిన్ని వాళ్ళకు అది చిన్న ఖర్చు కాదు. అందుకే ఊరికే ఏదో ఒకటి చెప్పకుండా, ఆ 25 ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కున్నాను.

బడిలో తల్లిదండ్రుల మీటింగు జరిగింది. అక్కడ హెడ్ మిస్ ఉన్నది ఉన్నట్టు చెప్పారు. మూడో తరగతిలో ఉన్నది 8 మంది. వాళ్ళలో రెండో తరగతి పాఠాన్ని తడబడకుండా చదివేది ఇద్దరే. 8 మందిలో ఇద్దరంటే నూటికి 25. ఆ మాట వీధిలోకి వచ్చేసరికి "ఆ బడికి వందకి 25 మార్కులు" అయిపోయింది.

ఈ రెండూ ఒకటి కావు. మార్కులంటే ఒక పిల్లకు ఎన్ని జవాబులు వచ్చాయి అని. ఇక్కడి 25 శాతం అంటే ఒక మెట్టు దాటిన పిల్లలు ఎంతమంది అని. ఆ మెట్టుకు ఒక అడుగు కింద ఉన్న పిల్ల, అక్షరాలే రాని పిల్ల, ఇద్దరూ ఈ లెక్కలో "దాటనివాళ్ళే".

ఇంకొకటి. తరగతిలో ఉన్నది 8 మందే. ఇంకొక్క పిల్ల చదవడం నేర్చుకుంటే 25 కాస్తా 37.5 అవుతుంది. చదివే ఇద్దరిలో ఒకరు ఆ రోజు జ్వరంతో రాకపోతే, 7 మందిలో ఒకరు, అంటే 14కి పడిపోతుంది. బడి అదే, టీచరు అదే. ఇంత చిన్న తరగతికి శాతం కట్టి ఆ బడి మంచిదా చెడ్డదా అని తేల్చడం కుదరదు.

మరి పేపర్లలో వచ్చే పెద్ద సర్వేల సంగతేమిటి? ప్రథమ్ అనే సంస్థ 2005 నుంచి 'అసర్' సర్వే చేస్తోంది. ఇది పల్లెలకే. జిల్లాకు 30 ఊళ్ళు, ఊరికి 20 ఇళ్ళు ఎంచుకుంటారు. పిల్లల్ని ఇంటి దగ్గరే ఒక్కొక్కరిని కూర్చోబెట్టి చదివిస్తారు. అన్నం ఉడికిందా అని చూడటానికి ఒక మెతుకు పట్టుకుంటే చాలు అంటాం కదా, ఇదీ అలాంటిదే. 600 ఇళ్ళు చూస్తే జిల్లా సంగతి తెలుస్తుంది. అయితే మా కుండలో మెతుకు పట్టుకుంటే పక్కింటి కుండ సంగతి తెలియదు. అసర్ ఏ ఒక్క బడికీ మార్కు వెయ్యదు. కేంద్ర ప్రభుత్వం 2021 నవంబరు 12న జరిపిన జాతీయ సాధన సర్వే కూడా జిల్లాల, రాష్ట్రాల లెక్కలే ఇచ్చింది గానీ ఒక్కొక్క పిల్లకు మార్కులు ఇవ్వలేదు.

అసర్ 2024 ప్రకారం దేశం మొత్తం మీద పల్లెల్లోని సర్కారు బడుల్లో, మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదివినవాళ్ళు 23.4 శాతం. 2022లో ఇది 16.3. ప్రైవేటు బడుల్లో ఎక్కువే గానీ అక్కడా సగానికి చేరలేదు. అంటే పిన్ని సిగ్గుపడుతున్న 25, దేశం లెక్కకు కాస్త అటూ ఇటూగానే ఉంది. అందరిదీ అంతే కదా అని ఊరుకోమని నేను అనను. మిగతా ఆరుగురు చదవలేకపోతున్నారన్నది నిజం. ఆ పరీక్ష పెట్టకపోతే అదీ తెలిసేది కాదు.

పిన్నికి కావలసింది దేశం లెక్క కాదు, తన పిల్ల లెక్క. అందుకని ఆదివారం వాళ్ళ ఊరికి పోయి, అసర్ పద్ధతిలోనే ఒక కాగితం తమిళంలో రాసుకుని చిన్నదాన్ని కూర్చోబెట్టాను. 5 అక్షరాలు, 5 మాటలు, 4 చిన్న వాక్యాల పేరా. 5 మాటల్లో 4 సరిగ్గా చదివితే ఆ మెట్టు దాటినట్టు. పేరాలో మూడు తప్పుల దాకా పరవాలేదు గానీ వాక్యాన్ని వాక్యంలా చదవాలి, ఒక్కొక్క మాటా విడివిడిగా ఏరుకుంటూ చదవకూడదు.

అక్షరాలు అయిదూ చెప్పింది. మాటలూ చదివింది. పేరాలో రెండో వాక్యం దగ్గర ఆగిపోయింది. "పఱవై మరత్తిల్ కూడు కట్టియదు." పిట్ట చెట్టు మీద గూడు కట్టింది అని. చిన్నది 'కూడు' దాకా వచ్చి నా మొహం చూసి, "పిట్ట కూడు ఎందుకు కట్టింది అక్కా?" అంది.

నాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. మా ఇళ్ళల్లో కూడు అంటే అన్నం. తమిళంలో కూడు అంటే గూడు. ఆ పిల్ల అక్షరం తప్పు చదవలేదు. చదివిన మాట తన ఇంటి మాటలా వినిపించింది, అర్థం కుదరక ఆగింది. "మన గూడే తమిళంలో కూడు" అని చెప్పాను. వేలు పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి, ఈసారి ఆగకుండా చదివింది.

మనం గడగడా చదవగలిగేది కళ్ళతోనే కాదు, రాబోయే మాట ఏదో ముందే ఊహించుకుంటాం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం ఉన్న పిల్లకు ఆ ఊహ కొంచెం ఆలస్యంగా వస్తుంది. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. అది నేర్చుకోవాల్సిందే, నేనూ అలాగే నేర్చుకున్నాను. కానీ పరీక్ష కాగితం మీద 'మాటల మెట్టు' అని ఒక టిక్కు మాత్రమే పడుతుంది. అక్షరాలు సరిగ్గా రాక ఆగిన పిల్లకూ, అర్థం తెలియక ఆగిన పిల్లకూ ఒకటే టిక్కు. టిక్కు తప్పు కాదు. కానీ మొదటి పిల్లకు అక్షరాలు దిద్దించాలి, రెండో పిల్లకు మాటకు అర్థం తన ఇంటి భాషలో చెప్పాలి. ఏది చెయ్యాలో ఆ టిక్కు చెప్పదు, పక్కన కూర్చుని విన్నవాళ్ళు చెప్పాలి. బడి మార్చినా ఆ పని ఎవరో ఒకరు చెయ్యాల్సిందే.

పిన్ని ఇంకా ఏమీ తేల్చుకోలేదు. వచ్చే మీటింగులో మాత్రం "బడికి ఎంత వచ్చింది" అని అడగనంది. "మా పాప ఏ మెట్టు మీద ఉంది, ఎక్కడ ఆగుతా ఉంది" అని అడుగుతానంది.

మనలో చాలామంది ఇళ్ళల్లో మూడో తరగతో నాలుగో తరగతో చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. ఒక కాగితం, అయిదు నిమిషాలు చాలు. చదివించి, ఆగిన చోట "ఇది తప్పు" అనకండి. "దీనికి అర్థం ఏమనుకున్నావు?" అని అడిగి చూడండి.