గాలిలోకి పోని వాయువుకు లెక్క

‘గాలిలోకి పోని వాయువును తూచేదెవరు, దానికి డబ్బిచ్చేదెవరు?’ అని ఒక పాఠకుడు అడిగారు. కార్బన్ క్రెడిట్ల గురించి ఇంతకంటే మంచి ప్రశ్న వేయడం కష్టం.

ముందు ఓనమాలు. టన్ను కార్బన్ డయాక్సైడ్‌ను, లేదా దానికి సమానంగా మరో వాయువును, గాలిలో కలవకుండా ఆపితే ఒక క్రెడిట్. 1997 నాటి క్యోటో ఒప్పందం కింద ఇందుకోసం క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం (సీడీఎం) పుట్టింది. ప్రాజెక్టు అభివృద్ధి చెందుతున్న దేశంలో, కొనేవాళ్లు ధనిక దేశంలో, పైన పదిమంది సభ్యుల కార్యనిర్వాహక మండలి. గుర్తింపు పొందిన తనిఖీ సంస్థ సరేనంటే క్రెడిట్లు విడుదలవుతాయి. ఆ సంస్థకు ఫీజు కట్టేది ప్రాజెక్టు యజమానే. ఈ సంగతి విని నవ్వనివాళ్లను నేను చూడలేదు.

అసలు చోద్యం బేస్‌లైన్‌లో ఉంది. ఈ ప్రాజెక్టే లేకపోతే ఎంత వాయువు వెలువడేదో ఊహించి వేసే అంకె అది. అందులోంచి నిజంగా వెలువడినదాన్ని తీసేస్తే మిగిలేవే క్రెడిట్లు. రెండో అంకెను మీటరు చూపిస్తుంది. మొదటిది మాత్రం ఎన్నడూ జరగని లోకానిది. పది లక్షల కారు కొందామనుకుని మానేశాను కాబట్టి పది లక్షలు మిగిల్చానని ఇంట్లో చెప్పుకునేవాడి లెక్క ఇలాగే ఉంటుంది.

ఈ ఊహకు డబ్బు తోడైతే ఏమవుతుందో హెచ్‌ఎఫ్‌సీ-23 చూపించింది. పాత ఏసీల్లో మెకానిక్ నింపే ఆర్-22 గ్యాస్ తయారయ్యేటప్పుడు పక్కన పుట్టే పనికిరాని వాయువిది. భూమిని వేడెక్కించడంలో, అప్పటి లెక్క ప్రకారం, కార్బన్ డయాక్సైడ్‌కు 11,700 రెట్లు. ఒక టన్నును కొలిమిలో కాల్చేస్తే దాదాపు అన్ని క్రెడిట్లూ చేతికొస్తాయి! చైనాలోనూ మన గుజరాత్‌లోనూ కొలిములు వెలిశాయి. 2007లో ‘నేచర్’ పత్రికలో పరిశోధకుడు మైకేల్ వారా లెక్కగట్టారు: కాల్చడానికయ్యే ఖర్చు 10 కోట్ల యూరోల లోపే, క్రెడిట్ల విలువ మాత్రం 470 కోట్ల యూరోలు.

సీడీఎం వాళ్లు మరీ అమాయకులేం కాదు. కొత్త ఫ్యాక్టరీలను పక్కనపెట్టారు. ఆర్-22 ఉత్పత్తిలో 3 శాతానికి మించిన వ్యర్థానికి క్రెడిట్ లేదన్నారు. అయితే యంత్రాలు సరిగా నడిపితే వ్యర్థం అంతకంటే తగ్గుతుంది. తగ్గించుకుంటే నష్టం తమకే కదా, ఎవరు తగ్గిస్తారు? క్రెడిట్లు దొరికే రోజుల్లో వ్యర్థం పెరిగి, దొరకని రోజుల్లో తగ్గిన ఫ్యాక్టరీలున్నాయని 2011లో పరిశోధకుడు లాంబర్ట్ ష్నైడర్ అంకెలతో బయటపెట్టారు. 2013లో యూరప్ తన మార్కెట్లో ఈ క్రెడిట్లను నిషేధించింది.

ఇప్పుడు సీడీఎం స్థానంలోకి పారిస్ ఒప్పందంలోని ఆరో అధికరణం వచ్చింది. బేస్‌లైన్ మామూలుగా వెలువడేదానికంటే తక్కువగానే ఉండాలని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో దేశాలు రాసుకున్నాయి. క్రెడిట్‌ను విదేశానికి అమ్మిన దేశం ఆ తగ్గింపును తన ఖాతాలో మళ్లీ చూపుకోకూడదు. రెండూ మంచి నియమాలే. తనిఖీ ఫీజు సంగతి మాత్రం పాత దారిలోనే నడుస్తోంది.

ఇంతకీ ఏది పనిచేస్తుందంటారా? కొన్నిచోట్ల మార్కెట్ కంటే ఉత్తర్వే చవక. ఆర్-22 తయారుచేసే కంపెనీలు హెచ్‌ఎఫ్‌సీ-23ను కాల్చేయాలని 2016లో భారత ప్రభుత్వం ఆదేశించింది. ఖర్చు కంపెనీలదే.