వణుకు ముందు, అంకె తర్వాత

ఆ శనివారం సాయంత్రం ఆక్లాండ్‌లో మా తెలుగువాళ్ల ఉగాది కార్యక్రమం. అమ్మ పట్టుచీర కారు వెనక సీట్లో మడతపెట్టి ఉంది. డయాలసిస్ అవగానే అటునుంచి అటే హాలుకు వెళ్లాలని మా ప్లాన్. మనవరాలి డ్యాన్స్ చూడాలని అమ్మ వారం రోజులుగా ఎదురుచూస్తోంది. మిషన్ ఇంకో నలభై నిమిషాల్లో ఆగుతుందనగా, ‘ఏటోరా, చలేస్తంది’ అంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. జ్వరం చూస్తే 38.4.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గరి పల్లె. అమ్మ 2014లో నా దగ్గరికి వచ్చేసింది. అప్పటికి షుగర్ తప్ప వేరే జబ్బు లేదు. రెండేళ్ల కిందట కిడ్నీలు పూర్తిగా పనిచేయడం మానేశాయి. ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేశారు గానీ, అది సూది గుచ్చడానికి వీలుగా ఎదగాలంటే నెలలు పడుతుంది. అందాకా ఛాతీ కుడివైపు చర్మం కిందుగా గుండె దాకా వెళ్లే కాథెటర్ మీదే డయాలసిస్. మన ఊళ్లో ‘మెడకి పైపేశారు’ అంటారే, అలాంటిదే.

నర్సు ఏ మందూ ఇవ్వకముందే రక్తం తీసింది. కాథెటర్ నుంచి ఒక జత సీసాలు, కుడిచేతి వెనక నరం నుంచి ఇంకో జత. ఎడమ చేతిని మాత్రం ముట్టుకోలేదు, అది ఫిస్టులా చెయ్యి. అమ్మ బక్కపలచటి చేతిలో నరం దొరక్క మూడుసార్లు గుచ్చాల్సి వచ్చింది. ‘పైపు లోంచి తీశారు కదా, మళ్లీ ఎందుకు?’ అని నేను విసుక్కున్నాను కూడా. సీసాలు నిండిన వెంటనే, ఏ ఫలితం కోసమూ ఆగకుండా యాంటీబయోటిక్ మొదలుపెట్టారు.

గంటన్నరకి సీఆర్పీ వచ్చింది: లీటరుకు 11 మిల్లీగ్రాములు. మామూలుగా 5 లోపు ఉండాలి. డయాలసిస్ చేయించుకునే వాళ్లకు పది, పదిహేను కొత్తేమీ కాదు, అమ్మ పాత రిపోర్టుల్లోనూ అంతే ఉండేది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇరవై ఏళ్లుగా సర్వర్లకు కాపలా కాస్తున్నవాణ్ని, డ్యాష్‌బోర్డు పచ్చగా ఉంటే పడుకునే అలవాటు. ‘ఇన్ఫెక్షన్ లేనట్టే కదా, మందు ఇచ్చారు కదా, ఇంటికి తీసుకెళ్లమంటారా?’ అని డాక్టర్‌ను అడిగాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ‘ఈ అంకె వణుకు రాకముందు సంగతి చెబుతోంది. రేపు పొద్దున మళ్లీ అడగండి’ అన్నారు.

ఆ మాట అర్థమవడానికి నాకు ఆసుపత్రి కుర్చీలో ఒక రాత్రి పట్టింది. సీఆర్పీని 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో కనిపెట్టారు. అది సూక్ష్మజీవి నుంచి వచ్చేది కాదు, మన కాలేయం తయారుచేసే ప్రొటీన్. శరీరంలో ఎక్కడో మంట పుట్టిందన్న కబురు అందాక కాలేయం పని మొదలుపెడుతుంది. రక్తంలో పెరుగుదల కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు గంటలు, శిఖరానికి చేరడానికి సుమారు రెండు రోజులు పడుతుంది. వణుకు వచ్చిన పావుగంటకు తీసిన రక్తంలో దాన్ని వెతకడమంటే, ఉత్తరం పోస్టు చేసిన వెంటనే జవాబు రాలేదని దిగులుపడటమే.

ఆదివారం ఉదయం సీఆర్పీ 140.

అంతకుముందే ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. రక్తం సీసాలను వెచ్చగా ఉంచే మిషన్, లోపల సూక్ష్మజీవులు పెరిగి కార్బన్ డయాక్సైడ్ వదలగానే గంట కొడుతుంది. కాథెటర్ సీసా పదకొండో గంటలో మోగింది. చేతి నరం సీసా అంతకు మూడు గంటలు ఆలస్యంగా మోగింది. నేను విసుక్కున్న ఆ రెండో జత ఎందుకో అప్పుడు తెలిసింది. రెండింట్లోనూ ఒకే సూక్ష్మజీవి ఉండి, కాథెటర్ రక్తం కనీసం రెండు గంటలు ముందు మోగితే, అక్కడ అవి గుంపుగా ఉన్నాయన్నమాట, అంటే పైపే పుట్ట. ఒకప్పుడు ఈ సంగతి తేల్చాలంటే కాథెటర్‌ను పీకాల్సిందే. దాని కొసను ప్లేటు మీద దొర్లించి, పదిహేను లేదా అంతకు మించి కాలనీలు మొలిస్తే అదే దోషి అనేవారు. అమెరికా డాక్టర్ డెన్నిస్ మాకీ 1977లో ప్రకటించిన పద్ధతి అది. అనుమానం వచ్చిన ప్రతిసారీ పైపు పీకి చూద్దామంటే డయాలసిస్ రోగికి కుదిరే పనేనా? ఎల్లుండి రక్తం శుద్ధి చేయడానికి దారి ఉండొద్దూ!

అమ్మకు వచ్చింది స్టెఫిలోకాకస్ ఆరియస్. గుండె కవాటాల మీద, వెన్నెముకలో కాపురం పెట్టగల రకం. అది తేలాక ఇక చర్చ లేదు, కాథెటర్ తీసేశారు, గుండె స్కానింగ్ చేశారు. ఆ రాత్రి నా లెక్క ప్రకారం ఇంటికి తీసుకెళ్లి ఉంటే ఏమయ్యేదో, ఆ ఆలోచనను నేను పూర్తి చేయను.

మరి ఇంతకంటే త్వరగా పలికే పరీక్ష లేదా? ఉంది, ప్రొకాల్సిటోనిన్. బ్యాక్టీరియా తీవ్రంగా సోకినప్పుడు ఇది బాగా పెరుగుతుందని 1993లో ఫ్రెంచ్ వైద్యులు లాన్సెట్‌లో రాశారు. నాలుగు నుంచి ఆరు గంటల్లోనే పెరుగుదల కనిపిస్తుంది, వైరల్ జ్వరాల్లో అంతగా పెరగదు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ కిడ్నీలు పనిచేయని వారిలో ఇన్ఫెక్షన్ లేకున్నా ఇది ఎక్కువగానే ఉంటుంది. పైగా కాథెటర్లను పట్టుకునే సూక్ష్మజీవుల్లో చర్మం మీద ఉండే సాధు రకాలూ ఉన్నాయి, అవి చేరితే ఈ అంకె ఒక్కోసారి పెద్దగా కదలదు. పెద్దల సెప్సిస్ చికిత్సపై 2021లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, యాంటీబయోటిక్ ఎప్పుడు మొదలుపెట్టాలో నిర్ణయించడానికి ప్రొకాల్సిటోనిన్ మీద ఆధారపడవద్దనే సూచించాయి. ఎప్పుడు ఆపవచ్చో తేల్చుకోవడానికి మాత్రం, రోగి పరిస్థితితో కలిపి చూడవచ్చన్నాయి.

ఇలాంటి అంకె ఒక్కసారి చూస్తే చెప్పేది తక్కువ, వరసగా చూస్తే చెప్పేది ఎక్కువ. అమ్మ సీఆర్పీ 140 నుంచి 95, 50, 22 అంటూ దిగుతుంటే మందు పనిచేస్తోందని మాకు ధైర్యం వచ్చింది. అది మధ్యలో నిలిచిపోతే ఎక్కడో చీము మిగిలిందేమోనని వెతికేవారట. సర్వర్ల భాషలో చెప్పాలంటే ఒక్క అలారం కాదు, గ్రాఫ్ చూడాలి. ఇంత చిన్న సంగతి ఆఫీసులో తెలిసి ఆసుపత్రిలో మరిచిపోయాను.

నాలుగు నెలలకు దీనికి రివర్సు జరిగింది. మామూలు రక్తపరీక్షలో సీఆర్పీ 90. ఈసారి కాథెటర్ సంగతి చూడండంటూ నేనే కంగారుపడి అరిచాను. జ్వరం లేదు, వణుకు లేదు. నర్సు దుప్పటి తొలగించి అమ్మ కాలి బొటనవేలు చూపించింది. ఎర్రగా వాచి ఉంది, గౌట్! ఎక్కడ మంట రగిలినా సీఆర్పీ పెరుగుతుంది. అడ్రసు మాత్రం చెప్పదు.

ఈ దేశం గురించి ఒక మంచిమాట కూడా చెప్పాలి. ఐసీయూల్లో పెద్ద నరాలకు వేసే లైన్ల వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లను తగ్గించడానికి 2011లో న్యూజిలాండ్ ‘టార్గెట్ క్లాబ్ జీరో’ అని ఒక జాతీయ కార్యక్రమం పెట్టింది. చేతులు కడుక్కోవడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చేయడం, ఒళ్లంతా స్టెరైల్ గుడ్డ కప్పడం, అక్కరలేని లైన్‌ను వెంటనే తీసేయడం. అంతా ఒక చెక్‌లిస్టు, కొత్త యంత్రం ఒక్కటీ లేదు. ప్రతి వెయ్యి లైన్ రోజులకు 3.32గా ఉన్న ఇన్ఫెక్షన్లు 0.28కి పడిపోయాయి. ఇప్పటికీ నర్సు అమ్మ పైపు మూత తీసే ముందు చేసే తుడుపును నేను కళ్లార్పకుండా చూస్తుంటాను.

అసలు ఇదంతా రాయడానికి కారణం మా మేనమామ. ఆయనదీ ఉద్దానమే. కవిటి, సోంపేట, పలాస కొబ్బరితోటల మధ్య ఎంతమంది కిడ్నీ జబ్బుతో పోయారో ఈ పేజీ చదివేవారికి చెప్పక్కర్లేదు. కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. మావయ్యకూ మెడకి పైపే.

మొన్న జూన్‌లో ఒక రాత్రి పదిన్నరకు ఫోన్ చేశాడు. అక్కడ సాయంత్రం నాలుగు. డయాలసిస్ నుంచి బస్సులో ఇంటికొస్తుంటే వణుకొచ్చిందట. ‘ఇప్పుడు తగ్గిందిలేరా. మందులషాపోడు రెండు యాంటీబయోటిక్ బిళ్లలిచ్చాడు, ఇంకా ఏసుకోలేదు. రేపు పొద్దున సీఆర్పీ చేయించి, ఎక్కువొస్తే అప్పుడెళ్తాను’ అన్నాడు. అచ్చం నా పాత లెక్కే. మందు ముందే పడితే సీసాలో సూక్ష్మజీవి పెరగకపోవచ్చు, అప్పుడు దేనికి వైద్యం చేస్తున్నారో డాక్టర్లకే తెలియదు. ఇవన్నీ ఫోన్‌లో ఎలా చెప్పాలో తెలియక తడబడుతుంటే అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

‘ఒరే తమ్ముడూ, బిళ్ల ఏసుకోకు. ఇప్పుడే ఆటో ఎక్కు. వణుకొచ్చిందని చెప్పు. పైపు లోంచి కొంత, చేతిలోంచి కొంత రక్తం తియ్యమను. తీసేదాకా కదలకు.’

రాత్రి ఒంటిగంట దాటాక వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. మావయ్య మోచేతి దగ్గర దూది, పక్కన స్టాండుకు సెలైన్ సీసా. కింద మెసేజ్: ‘రెండు చోట్లా తీశారు. మందెక్కిస్తన్నారు. సీఆర్పీ ఇంకా రాలేదు. అక్కకి చెప్పు.’