పండగ పని, పండగ ఆట

తెలుగువాళ్లకు ఏడాదిలో వచ్చే పెద్ద పండగ సెలవుల్లో సంక్రాంతి ఒకటి. బడులు వారం పది రోజులు మూతపడతాయి. ఉద్యోగాలు చేసేవాళ్లు భోగి, సంక్రాంతి, కనుమలకు ముందో వెనకో మరో ఒకటి రెండు రోజులు కలుపుకుని సొంతూరు చేరతారు. తాతయ్యలు, అమ్మమ్మలు, పిన్నులు, బాబాయిలు, మేనకోడళ్లు అందరూ ఒకే ఇంట్లో నిద్రలేచేది చాలా కుటుంబాల్లో ఈ నాలుగు రోజులే. ఆ నాలుగు రోజులూ కొన్ని ఇళ్లలో తిండి, టీవీ, పేకాట, పగటి నిద్రతో గడిచిపోతాయి. మరికొన్ని ఇళ్లలో తెల్లవారుజామున కళ్లాపితో మొదలై పొద్దుగూకే దాకా ఎవరో ఒకరు ఏదో ఒక పని మీదో ఆట మీదో ఉంటారు. పంట ఇంటికొచ్చిన సంబరంగా పుట్టిన పండగ కాబట్టి సంక్రాంతి ఆచారాల్లో ఒళ్లు వంచకుండా జరిగేవి చాలా తక్కువ. వాటిని నలుగురూ కలిసి చేసుకుంటే సెలవుల్లో వ్యాయామం కోసం వేరే ఏర్పాటేమీ అక్కర్లేదు.

పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మాట్లాడగలిగినా పాట పాడలేనంత ఆయాసం వస్తే అది మోస్తరు శ్రమ. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు కావాలి. కనీసం పది నిమిషాలు ఏకధాటిగా చేస్తేనే లెక్క అనే పాత నిబంధనను ఈ మార్గదర్శకాల్లో తీసేశారు. అంటే వాకిలి ఊడ్చినా, బిందెతో నీళ్లు మోసినా, మేడ మెట్లెక్కినా లెక్కలోకి వస్తుంది. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ప్రచురించిన అంచనాల ప్రకారం 2022 నాటికి భారతదేశంలో పెద్దల్లో దాదాపు సగం మంది ఈ కనీస స్థాయికి చేరడం లేదు. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం మందిది ఇదే పరిస్థితి. దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది ఉంటారని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో తేల్చింది.

పండగ తిండితో పెరిగే బరువు ఒక్కసారికి చాలా కొంచెమే. అమెరికాలో 195 మంది పెద్దలను నవంబరు నడిమి నుంచి జనవరి దాకా తూచి చూసిన ఒక అధ్యయనం 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఆ సెలవుల్లో వాళ్లు పెరిగింది సగటున 0.37 కిలో. అయితే ఆ తర్వాతి నెలల్లో అది తగ్గలేదు. అక్కడి పండగలు వేరు, పిండివంటలు వేరు. అయినా ఏటా కాస్త పెరిగి అలాగే ఉండిపోవడం మన ఇళ్లలో కూడా చూస్తున్నదే.

సెలవుల్లో ఒంటికి మొదటి పరీక్ష ప్రయాణమే. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద పండగ ముందు రోజుల్లో పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్లు బారులు తీరడం ఏటా వార్తే. గోదావరి జిల్లాలకో ఉత్తరాంధ్రకో వెళ్లేవాళ్లు రాత్రంతా సీటుకు అతుక్కుని కూర్చోవాల్సిందే. నాలుగు గంటలకు మించి కదలకుండా చేసే ప్రయాణం బస్సులోనైనా, రైల్లోనైనా, విమానంలోనైనా కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పును సుమారు రెట్టింపు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకు ఆ ముప్పు మొదటే చాలా తక్కువ కాబట్టి భయపడాల్సింది లేదు. బస్సు ఆగినప్పుడల్లా దిగి నాలుగడుగులు వేయడం, కూర్చున్నచోటే మడమలు పైకి కిందికి ఆడించడం, నీళ్లు తాగడం మానకపోవడం చాలు. సొంత కారులో వెళ్లేవాళ్లయితే రెండు గంటలకోసారి ఆపి పిల్లల్ని కాసేపు పరిగెత్తనివ్వడం మంచిది. దాంతో మిగతా దారి అందరికీ సుఖంగా గడుస్తుంది.

ఊరు చేరాక మొదటి సందడి వంటింట్లో. అరిసెలు ఒక్కరి వల్ల అయ్యే వంట కాదు. కొత్త బియ్యం ముందురోజే నానబోసి, నీళ్లు మార్చి, వడేసి, తడి ఆరకముందే దంచి జల్లించాలి. బెల్లం పాకాన్ని చుక్క చుక్కగా నీళ్లలో వేసి చూస్తారు. వేలితో దగ్గరకు తీస్తే మెత్తటి ఉండ కట్టాలి. ఆ క్షణం దాటితే పాకం ముదిరి అరిసెలు గట్టిపడతాయి. అందుకే ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు గుండిగను కాళ్ల మధ్య బిగించి తెడ్డుతో ఆపకుండా కలపాలి. పిండి పడేకొద్దీ పాకం బిగుస్తుంది. కలిపేవాళ్ల భుజాలు, ముంజేతులు నిజమైన పని చేసేది అప్పుడే. తర్వాత ఉండలు చేసేవాళ్లు, ఆకు మీద తట్టేవాళ్లు, మూకుడు దగ్గర వేయించేవాళ్లు, తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య పెట్టి నూనె ఒత్తేవాళ్లు కావాలి. తెలంగాణ ఇళ్లలో సకినాలకైతే తెల్లగుడ్డ పరిచి చుట్టూ కూర్చుంటారు. నువ్వులు, వాము కలిపిన బియ్యప్పిండిని వేళ్లతో మెలిపెడుతూ చుట్లు చుట్లుగా పోస్తారు. కింద కూర్చోవడం, వంగడం, లేవడం తుంటికి, మోకాళ్లకు, పిండి మెలిపెట్టడం వేళ్లకు మంచి సాధన.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఈ శ్రమలో ఎక్కువ భాగం ఆడవాళ్లదే అవుతోంది. పొయ్యి ముందు ఏడెనిమిది గంటలు నిలబడితే నడుమూ కాళ్లూ అలసిపోతాయి తప్ప గుండెకు, ఊపిరితిత్తులకు చాలినంత వ్యాయామం కాదు. పని ఎక్కువై కదలిక తక్కువైన విచిత్రమైన స్థితి అది. అదే ఇంట్లో మగవాళ్లు అరుగు మీద కబుర్లలో ఉంటారు. తెడ్డు తిప్పడం, పిండి దంచడం, గిన్నెలు తోమడం, కూరగాయల సంచులు మోయడం అల్లుళ్లూ కొడుకులూ అందుకుంటే వాళ్ల ఒళ్లూ కదులుతుంది, ఇంటి ఆడవాళ్లకు సాయంత్రం ఆటకో నడకకో తీరిక దొరుకుతుంది. పండగ ఇంట్లో ఇంతకంటే ముఖ్యమైన మార్పు మరొకటి లేదు.

ధనుర్మాసం మొదలైన డిసెంబరు నడిమి నుంచి కనుమ దాకా వాకిట్లో ముగ్గు ఉండాల్సిందే. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, చుక్కలు పెట్టి, మెలికలు తిప్పి, రంగులద్దే పాటికి పెద్ద ముగ్గుకు గంట పైనే పడుతుంది. నడుము దగ్గర వంగి వేస్తే వెన్ను నొప్పి పుడుతుంది. మోకాళ్లు సహకరించేవాళ్లు గొంతుక్కూర్చుని జరుగుతూ వేస్తే తొడలు బలపడతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు చిన్న పీట మీద కూర్చుని చుక్కల లెక్క చెబుతుంటే మనవరాళ్లు, మనవళ్లు పిండి పోయవచ్చు. ఇరవై ఒక్క చుక్కలు, తర్వాత వరుస వరుసకూ తగ్గించుకుంటూ ఒకటి వరకు అని నోటితో చెబుతూ పోవడం పిల్లలకు లెక్కల బడి కూడా.

భోగి నాడు తెల్లవారకముందే లేవడం పిల్లలకు పండగలో సగం ఆనందం. ఎండు కొమ్మలు, పాత తట్టలు పోగుచేయడం, పిడకల దండలు మోసుకురావడం వాళ్ల పనే. భోగిమంటలో టైర్లు, ప్లాస్టిక్ వేయకూడదు. ఆ పొగ ఉబ్బసం ఉన్నవాళ్లను రోజుల తరబడి బాధపెడుతుంది. గొబ్బెమ్మలు పెట్టి చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టే ఆట చూడటానికి సున్నితంగా ఉంటుంది. వంగి లేస్తూ, లయ తప్పకుండా చప్పట్లు కొడుతూ పది పాటలు పూర్తిచేస్తే మాత్రం చెమట పడుతుంది. ఒకప్పుడు ఆడపిల్లలకే పరిమితమైన ఈ ఆటలో ఇంటిల్లిపాదీ చేరితే తప్పేమీ లేదు.

హైదరాబాద్‌లోనూ తెలంగాణ పట్టణాల్లోనూ సంక్రాంతి అంటే ముందుగా గాలిపటమే. దారం లాగడం, వదలడం, వెనక్కి పరుగెత్తడం, తెగిన పతంగి వెంట పడటం మంచి శ్రమే. ఆరుబయట పగటి వెలుతురులో గడిపే సమయం పెరిగితే పిల్లల్లో హ్రస్వదృష్టి మొదలయ్యే అవకాశం తగ్గుతుందని కంటి వైద్యులు చెబుతారు. ఏడాదంతా ఫోన్ తెరకు అంటుకున్న కళ్లకు ఆకాశం మంచి మందు. గాజుపొడి పూసిన నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. ద్విచక్ర వాహనదారుల గొంతులు, పక్షుల రెక్కలు దానివల్ల తెగుతాయి. మామూలు నూలు దారంతో ఎగరేసినా గాలిపటం అంతే ఎత్తుకు పోతుంది. పిట్టగోడ లేని డాబా మీదకు, కరెంటు తీగల దగ్గరకు పిల్లలను పోనివ్వకూడదు.

ఊరి ఆటలకు కొనాల్సినవి దాదాపు ఏమీ ఉండవు. ఏడు పెంకులాటకు ఏడు పెంకు ముక్కలు, ఒక బంతి చాలు. ఒక జట్టు బంతి విసిరి దొంతర పడగొడుతుంది. ఆ తర్వాత అదే జట్టు పెంకులను మళ్లీ పేర్చాలి. ఈలోగా ఎదుటి జట్టు బంతితో కొట్టి వాళ్లను ఔట్ చేస్తుంది. పరుగు, గురి, వంగడం, తప్పించుకోవడం అన్నీ ఒకే ఆటలో ఉన్నాయి. పదేళ్ల పిల్లా నలభై ఏళ్ల మేనమామా ఒకే జట్టులో ఆడగలరు, ఎందుకంటే బలం కంటే చురుకు ముఖ్యం. కోస్తాలో కర్రాబిళ్ల అనేదాన్నే తెలంగాణలో చిర్రగోనె అంటారు. బిళ్ల గాల్లోకి లేస్తుంది కాబట్టి చిన్నపిల్లల్ని దూరంగా నిలబెట్టాలి. తొక్కుడుబిళ్ల ఒంటికాలి మీద నిలకడ నేర్పుతుంది. కబడ్డీకి జట్టుకు ఏడుగురు కావాలి. ఇంట్లో అంతమంది లేకపోతే వీధిలో పిలిస్తే వస్తారు. ఏడాదిగా కుర్చీలో కూర్చున్న పెద్దవాళ్లు ఒక్కసారిగా కూతకు దిగితే కండరాలు పట్టేస్తాయి. ముందు పది నిమిషాలు నడిచి, కీళ్లు తిప్పి దిగాలి. ఎండ ఎక్కువైన మధ్యాహ్నం అష్టాచెమ్మా, వామనగుంటలు అరుగు మీదకు వస్తాయి. అవి ఒంటిని కదిలించవు గానీ నాయనమ్మ చేతిలో మనవడు ఓడిపోయే ఆటలు కాబట్టి ఉండి తీరాలి.

కనుమ నాడు కాకైనా కదలదని సామెత. ఆ రోజు ప్రయాణం పెట్టుకోకూడదన్న కట్టుబాటు వల్ల వచ్చినవాళ్లంతా మరో రోజు కలిసి ఉండిపోతారు. ప్రయాణం లేదు గానీ పని చాలానే ఉంది. పశువులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, మెడకు గంటలు కట్టి అలంకరిస్తారు. మినప గారెలతో భోజనం బరువుగా ఉంటుంది. తిన్న వెంటనే పడుకోకుండా పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడిస్తే కాళ్ల కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి, భోజనం తర్వాత చక్కెర పెరుగుదల తగ్గుతుంది. చెరువుగట్టు దాకా, కోతలైన చేల దాకా ఇంటిల్లిపాదీ నడిచి వస్తే పాత సంగతులు కూడా బయటికొస్తాయి. ఏ చేను ఎవరిది, ఏ చెట్టు ఎవరు నాటారు అనేవి పట్నం పిల్లలకు తెలిసేది అలాంటి నడకల్లోనే.

కోనసీమలో ఆ నడక ఊరంతటి ఉత్సవం. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు కనుమ రోజున చుట్టుపక్కల పదకొండు గ్రామాల రుద్రులు, అంటే శివుడి రూపాలు, ప్రభల మీద తరలివస్తారు. వెదురుతో కట్టి, రంగు రంగుల గుడ్డలతో అలంకరించిన ఆ ఎత్తయిన ప్రభలను మగవాళ్లు భుజాల మీద మోస్తారు. చేల గట్ల మీదుగా, పచ్చని వరిపొలాల్లోంచి, నడుము లోతు కౌశిక కాలువ నీళ్లలోంచి దాటించడం చూడటానికే జనం వేలల్లో వస్తారు. ఒకరి భుజం అలసిపోతే పక్కవాడు భుజం అందిస్తాడు. నగరాల్లో ఉద్యోగాలు చేసే ఊరి కుర్రాళ్లు దీనికోసమే సెలవు పెట్టి వస్తారు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే.

ఇంట్లో వయసు మళ్లినవాళ్లు, జబ్బులున్నవాళ్లు పక్కన కూర్చోబెట్టాల్సిన మనుషులు కారు. 65 ఏళ్లు దాటినవాళ్లు వారంలో మూడు రోజులైనా నిలకడను, బలాన్ని పెంచే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పడిపోయి ఎముక విరగకుండా కాపాడేది అదే. మనవడి చేయి పట్టుకుని గుడికి నడవడం, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం వాళ్లకు మంచి మొదలు. గుండెజబ్బు ఉన్నవాళ్లు మంచు కురిసే తెల్లవారుజామున కాక ఎండ వచ్చాక నడవాలి, చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చెమటలు వస్తే అక్కడితో ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు పూజ పేరుతో భోజనం ఆలస్యం చేసి, ఆపైన ఎక్కువ శ్రమపడితే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. మాత్రలు, సూదిమందు ఊరికి తెచ్చుకోవడం మరిచిపోవడం పండగల్లో తరచూ జరిగే పొరపాటు.

విదేశాల్లోని తెలుగువాళ్లకు సంక్రాంతి సెలవు ఉండదు. అమెరికాలో అది గడ్డకట్టే చలికాలం కాబట్టి చాలా ఊళ్లలో తెలుగు సంఘాలు దగ్గర్లోని శనివారమో ఆదివారమో ఒక హాల్లో పండగ జరుపుతాయి. ముగ్గుల పోటీలు, పిల్లలకు భోగిపళ్లు, వేదిక మీద నృత్యాలు ఉంటాయి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాత్రం కుర్చీల్లో కూర్చుని చూసి, భోంచేసి వెళ్తారు. ఆ కుర్చీలను ఒక పక్కకు జరిపి, గంటసేపు కోలాటానికీ గొబ్బి ఆటకూ తొక్కుడుబిళ్లకూ చోటిస్తే అక్కడ పుట్టిన పిల్లలు కూడా పండగను కాళ్లతో నేర్చుకుంటారు. ఆస్ట్రేలియాలో జనవరి వేసవి. అక్కడ పార్కుల్లో గాలిపటాలు ఎగరేయవచ్చు, ఎండ దెబ్బ తగలకుండా టోపీ, నీళ్లు వెంట ఉంచుకుంటే చాలు.