కన్నీటికి కొత్త దారి

కంటికి పైన వెలుపలి మూలనున్న అశ్రుగ్రంథినుండి స్రవించిన నీరు కనుగుడ్డును తడిపి, లోపలి మూలయందు రెప్పల అంచుననుండు రెండు సూక్ష్మరంధ్రములలో ప్రవేశించి, సన్నని నాళికల ద్వారా అశ్రుకోశమును చేరి, అచ్చటినుండి ఎముకలోని నాళము గుండా ముక్కులోనికి దిగుచుండును. ఏడ్చినపుడు ముక్కు కారుటకు కారణమిదియే. ఆ నాళము మూసికొనిపోయినచో నీరు చెక్కిలిపైకి పొరలును. కోశమున నిలిచిన నీటిలో సూక్ష్మజీవులు వృద్ధినొంది, చీముపట్టి, కంటిమూల వాచి మిక్కిలి బాధించును.

1904లో ఇటలీ దేశపు వైద్యుడు అడెయో టోటి ఆ మూసిన నాళము జోలికి పోక, ముక్కు ప్రక్కను చర్మము కోసి, కోశమునకును ముక్కునకును నడుమనున్న ఎముకను కొంత తొలగించి, కన్నీటికి సూటియైన మార్గము కల్పించు శస్త్రచికిత్సను ప్రకటించెను. ముక్కులోపలినుండియే ఈ కార్యము సాధింపవచ్చునని 1893లోనే కాల్డ్‌వెల్ చూపియుండినను, ఆ ఇరుకుచోట చూపు ఆనక ఆ పద్ధతి వెనుకబడెను. లోపలి భాగములను చూపు ఎండోస్కోపు అను సాధనము చేతికి వచ్చిన పిదప, 1989లో మెక్‌డొనో, మేరింగ్ అను వైద్యులు దానిని ముఖముపై మచ్చపడని విధానముగా పునరుద్ధరించిరి.

అయినను గాయమును పూడ్చుకొనుట దేహధర్మము. వైద్యుడు శ్రమించి తెరచిన ద్వారమును సైతము దేహము గాయముగనే యెంచి, కండ పెంచి మూయజూచును. అందుకు ప్రతిక్రియగా స్టెంటు అను సన్నని సిలికోను గొట్టమును ఎగువ దిగువ రెప్పల రంధ్రములలోనుండి కోశము మీదుగా ముక్కులోనికి దింపి, కొనలను ముడివైచి, కొన్ని వారములు ఉంచి తీసివేయుదురు. కన్నీరు ప్రధానముగా దాని చుట్టును పారును. క్రొత్తగా త్రవ్విన కాలువ గట్లు కలిసిపోకుండ నిలిపిన దడివంటి దా స్టెంటు. నాళికలే నశించినవారికి లెస్టర్ జోన్స్ రూపొందించిన గాజుగొట్టము మాత్రము శాశ్వతముగ నిలిచి, నీటిని తన లోపలినుండియే పంపును.

సిలికోను గొట్టము అందరికిని అవశ్యమా? తొలిసారి జరుగు సామాన్య శస్త్రచికిత్సలయందు, గొట్టము పెట్టినవారికిని పెట్టనివారికిని ఫలితములు ఇంచుమించు సమానముగనే యున్నట్లు పెక్కు పరిశోధనలు తేల్చినవి. పైగా అది ఒరసికొని రంధ్రమును చీల్చవచ్చును. చుట్టును కండ పెరుగుటకు హేతువు కావచ్చును. నాళికలు సన్నగిల్లినవారికిని, మరల శస్త్రచికిత్స అవసరమైనవారికిని దాని సాయము విలువైనది. ఫలమును ప్రధానముగా నిర్ణయించునది ఎముకలో తీసిన ద్వారము వైశాల్యమును, లోపొరను కాపాడిన వైద్యుని నేర్పునే.

కావున ఎడతెగక నీరు కారు కంటిని ఉపేక్షింపక వైద్యునికి చూపుడు. సిలికోను గొట్టము అమర్చినచో దానిని తీయించుకొనవలసిన దినమును మరువకుడు.