ఫోను మోగితే గుండె దడ ఎందుకు?

సెల్‌ఫోను, కంప్యూటరు మన పనులను ఎంతో తేలిక చేశాయి. డబ్బు పంపడానికి బ్యాంకుకు వెళ్లనక్కరలేదు. దూరదేశంలో ఉన్న పిల్లల ముఖం ఇంట్లో కూర్చునే చూడవచ్చు. అయినా ఫోను మోగగానే దడ వస్తోందని, రాత్రి నిద్ర పట్టడం లేదని బాధపడేవారు మన మధ్య ఎందరో ఉన్నారు.

టెక్నోస్ట్రెస్ అంటే ఏమిటి?

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త క్రేగ్ బ్రాడ్ 1984లో ఈ పేరుతో ఒక పుస్తకం రాశారు. కొత్త యంత్రాలకు సర్దుకోలేక మనిషి పడే ఒత్తిడిని ఆయన అలా పిలిచారు. అప్పట్లో కంప్యూటరు నేర్చుకోగలమా అనే భయం ఎక్కువ. ఇప్పుడు దానికి తోడు, ఇంటికి వచ్చినా పని వెంటాడుతోందనే బాధ చేరింది.

శరీరంలో ఏం జరుగుతుంది?

ఒత్తిడి కలిగినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు ఎక్కువగా విడుదలవుతాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. కాసేపటికి ఇవి తగ్గాలి. కాని రాత్రింబవళ్లు మెసేజ్‌లు వస్తూ ఉంటే శరీరానికి తెరిపి ఉండదు. తలనొప్పి, మెడనొప్పి, నిద్రలేమి, చిరాకు, పనిమీద ధ్యాస నిలవకపోవడం కనిపిస్తాయి.

అందరికీ ఒకేలా ఉంటుందా?

ఉండదు. పని భారం ఎక్కువై, ఆ పనిని ఎప్పుడు, ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు తక్కువైతే ఒత్తిడి పెరుగుతుందని రాబర్ట్ కరసెక్ అనే పరిశోధకుడు 1979లోనే వివరించారు. 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చాక అంగన్‌వాడీ టీచర్లు పిల్లల వివరాలు ఫోనులోనే నమోదు చేస్తున్నారు. సిగ్నల్ బాగా ఉన్న ఊళ్లో అది కొద్దిసేపటి పని. సిగ్నల్ లేని ఊళ్లో అదే పని ఇంటిదాకా వస్తుంది. అమెరికా కంపెనీకి పనిచేసే హైదరాబాదు ఉద్యోగికి అక్కడి పగలు ఇక్కడ రాత్రి అవుతుంది.

దీనికి ఇంటి పరిస్థితులు కూడా తోడవుతాయి. మంచంపట్టిన తల్లి, చంటిబిడ్డ, తీరని అప్పు ఉన్నవారికి ఒక్క మెసేజ్ కూడా బరువే. అలాంటివారిని "ఎప్పుడూ ఆ ఫోనేనా?" అని కసరడం కన్నా "ఏ పని మిగిలింది?" అని అడగడం మేలు.

మనం ఏం చేయవచ్చు?

• ఏ మెసేజ్‌కి, ఏ వేళలో దడ వస్తోందో వారంరోజులు కాగితంమీద రాసుకోండి. కారణం పని భారమా, యాప్ తెలియకపోవడమా, ఇంటి సమస్యా అన్నది తేలుతుంది.
• యాప్ తెలియకపోతే తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకోండి. ఇందులో సిగ్గుపడవలసింది లేదు.
• పని భారమైతే పై అధికారితో మాట్లాడండి. అత్యవసరమైతే ఫోన్ చేయమని, మిగతావి ఉదయం చూస్తామని చెప్పండి. ఒక్కరు అడగలేకపోతే నలుగురు కలిసి అడగండి.
• పడుకునే గంట ముందు ఫోను మరో గదిలో పెట్టండి.
• ఇంటి బాధ్యతలు ఒక్కరిమీదే పడకుండా పంచుకోండి.

వైద్యుణ్ణి ఎప్పుడు కలవాలి?

రెండు వారాలకు మించి నిద్ర లేకపోయినా, దిగులు వదలకపోయినా వైద్యుణ్ణి కలవండి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ఒత్తిడేనని సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి రండి. బి.పి. మందులు మీ అంతట మీరు ఆపవద్దు. 2022లో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ప్రాణంమీద విరక్తి కలిగితే ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకండి. దగ్గరివారికి చెప్పండి.