కంపవాతము - మూత్రబాధ

పెద్దపల్లి జిల్లాలోని రామగుండము, గోదావరిఖని ప్రాంతములందు బొగ్గుబావులలో పనిచేసి యుద్యోగవిరమణ పొందిన వృద్ధులనేకులు కలరు. అట్టివారిలో నొకరికి కంపవాతము సోకినచో, చేయి వణకుట యెల్లరకు గనబడును. రాత్రి నాలుగైదు మారులు లేచుటయు, మరుగునకు చేరక మునుపే పంచె తడియుటయు నిల్లాలికి మాత్రమే తెలియును. ఆమె యెవ్వరికిని జెప్పదు, త్రాగునీరు తగ్గించును. సోదరీమణులారా, ఈ రెండును పొరపాట్లే యని మనవి చేయుచున్నాము.

ఈ వ్యాధిని 1817లో జేమ్సు పార్కిన్సన్ అను ఆంగ్లవైద్యుడు వర్ణించెను. మెదడులో డోపమిను అను ద్రవ్యము తగ్గుటచే నిది కలుగును. మూత్రాశయపు గోడ కండరముతో నేర్పడినది. అది నిండువఱకు ముడుచుకొనకుండ మెదడు దానిని అదుపులో నుంచును. ఆ యదుపు సడలినచో, కొంచెము నిండగనే కండరము ముడుచుకొనును. నడక మందగించినవారికి ఆ తొందరలో నాలుగడుగులును దూరమే. ఇది అశ్రద్ధ కాదు, మొండితనమును గాదు.

రామగుండపు టెండలలో నీరు మాన్పించుట ప్రమాదకరము. మలబద్ధము హెచ్చును, లేచి నిలుచునపుడు రక్తపుపోటు తగ్గి తల తిరుగవచ్చును. కావున వైద్యుడు వలదననిచో పగలు చాలినంత నీరిచ్చి, పడుకొనుటకు రెండుమూడు గంటల ముందునుండి మాత్రమే తగ్గింపుడు. సాయంకాలపు తేనీరు మానిపింపుడు. కోరిక లేకున్నను పగలు రెండుమూడు గంటల కొకసారి మూత్రమునకు పంపుడు. రాత్రి పడకచెంత మూత్రపాత్రయు, చిన్నదీపమును ఉంచుడు. లేవగనే నడువనీయక, కొంతసేపు మంచముపై గూర్చుండబెట్టుడు.

మూడుదినములు ఎన్నిమారులు పోయినదియు కాగితముపై వ్రాసి వైద్యునకు జూపుడు. మంట, జ్వరము, ధార సన్నగిల్లుట యున్నచో దాచవలదు. మధుమేహము, పురుషులలో ప్రోస్టేటు గ్రంథి పెరుగుటయు నిట్టి బాధనే కలిగింపవచ్చును. మూత్రము బొత్తిగా నిలిచిపోయినచో వెంటనే యాసుపత్రికి గొనిపొండు. మూత్రాశయపు మందులు కొన్ని వృద్ధులకు మతి తడబడునట్లు చేయును గావున, తెలిసినవారు చెప్పిరని కొనవలదు. దూలగొండి గింజలలో లెవోడోపా యున్నదని దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు 1937లో వెల్లడించిరి. నేడు దానినే కొలతప్రకారము మాత్రలుగా నిచ్చుచున్నారు. ఐనను ఆ గింజలను ఇంట పొడిచేసి పెట్టుట తగదు.

ఈ బాధ స్త్రీలకును గలుగును. అత్తగారు కోడలితో జెప్పుటకు మఱింత సంకోచింతురు. దుప్పటి తడిసినదని విసుగుకొనక, "వైద్యునకు జెప్పుదము, అత్తయ్యా" అని ముందుగా నోరు తెఱచిన కోడలే యా యింట సగము చికిత్స చేసినదని మా యభిప్రాయము.